ఇరవై నిమిషాల ఊరు

గద్వాల నుంచి నాగర్‌కర్నూలు ఎంత దూరం అని ఎవరైనా అడిగితే, నేను ముందు "దేంట్లో పోతున్నారు?" అని అడుగుతాను. రైలు, జట్కా, బొగ్గు బస్సు, ఎడ్లబండి, ఈ నాలుగూ ఎక్కి దిగి మొన్ననే ఇల్లు చేరాను. నడుము ఇంకా నాది అనిపించడం లేదు. ఆ దారిన పోనివాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. పోవలసిన అవసరం వాళ్ళకు పడకపోతే మంచిదే గాని, కూర్చుని చదువుకుంటే మాత్రం ఏ నొప్పీ ఉండదు.

మైదానం పక్క చేను

ఈ ప్రయాణం నాది కాదు, మా తిమ్మన్నది. తిమ్మన్న, నేను చిన్నప్పుడు ఒకే బడిలో ఒకే బెత్తం దెబ్బలు తిన్నాం. తర్వాత నేను అదే బడిలో పంతులునయ్యాను, వాడు సేద్యం చేసుకుంటున్నాడు. వాడి చేను ఊరి బయట మైదానం పక్కన ఉంది. మైదానం అంటే పిల్లలు ఆడుకునేది కాదు. యుద్ధం వచ్చాక, దారిలో విమానానికి ఏదైనా ఆపద వస్తే దిగడానికని నేలను చదును చేసి, రాళ్ళు ఏరి, నాలుగు మూలలా సున్నం కొట్టి పెట్టారు. నాగర్‌కర్నూలు దగ్గర కూడా అలాంటిదే ఒకటి ఉంది. రెండింటిలోనూ ఎక్కువగా దిగేవి కొంగలే.

పోయిన వానాకాలంలో ఒకరోజు నిజంగానే విమానం దిగింది. మబ్బు పట్టి దారి కనబడలేదట. అందులోంచి దిగిన పంజాబీ మనిషికి తిమ్మన్న తన గుడిసెలో జొన్నరొట్టె, పుంటికూర పెట్టి, ముంత నిండా మజ్జిగ పోశాడు. తిని చెయ్యి కడుక్కున్నాక ఆయన తూర్పు దిక్కు చూపించి, "నాగర్‌కర్నూల్ మైదాన్, బీస్ మినట్" అన్నాడట. మబ్బు విడగానే ఎగిరిపోయాడు. ఆయన పోయాడు గాని ఆ ఇరవై నిమిషాలు తిమ్మన్న నెత్తిమీద అలాగే ఉండిపోయాయి.

ఎందుకంటే వాడి కొడుకు బసన్నకు పెళ్ళి కుదరడం లేదు. పిల్లవాడికి ఏ వంకా లేదు. ఏటికి ఇవతల వరసైన పిల్ల లేదు. కృష్ణకు అవతలి వాళ్ళు మాత్రం "ఏరు దాటించి పిల్లనియ్యం" అంటారు. అటువైపు ఒక పట్టింపు ఉంది. పొద్దున సద్ది మూట కట్టుకుని బయలుదేరిన తల్లి, ఆ పొద్దు గూకేలోగా కూతురి గడప తొక్కాలి. అంతకన్నా దూరమైతే ఎంత ఆస్తి ఉన్నా మాట ముందుకు సాగదు. బసన్నకు ఇలా మూడు సంబంధాలు వచ్చిన దారినే పోయాయి.

నాలుగోది ఇమాం సాబ్ తెచ్చాడు. ఆయనది వనపర్తి, గాజుల వ్యాపారం. గంప నెత్తిన పెట్టుకుని గద్వాల నుంచి తెలకపల్లి దాకా తిరుగుతాడు. లోపలి అరుగు దాకా పోయి ఆడపిల్లల చేతులు పట్టి గాజులు తొడిగేవాడు కాబట్టి, ఏ ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉందో, ఏ పిల్ల గాజు బిగువైతే ఏడుస్తుందో, ఏ పిల్ల నవ్వుతుందో ఆయనకు తెలుసు. నాగర్‌కర్నూలులో బాలమ్మ అని, భర్త పోయినా కొడుకును వెంటబెట్టుకుని నలభై ఎకరాల మెట్ట సేద్యం చేయించే మనిషి ఉంది. ఆమె కూతురు జయమ్మ. "నవ్వే పిల్ల" అని ఇమాం సాబ్ సర్టిఫికెట్ ఇచ్చాడు. బాలమ్మ నుంచి మాత్రం పాత జవాబే వచ్చింది, ఊరు దూరం అని. దానికి తిమ్మన్న ఇమాం సాబ్ చేత తిరుగు కబురు పంపాడు: "దూరం ఏంది? విమానంల ఇరవై నిమిషాలు. బేస్తారం నాడు పిల్లను చూడనీకి వస్తున్నం."

ఆ గురువారమే రమ్మన్నారు. తోడుగా నన్ను రమ్మని తిమ్మన్న అన్నాడు. పెద్దమనిషి పక్కన ఉంటే మాటకు బరువు ఉంటుందట. నా బరువు సంగతి ఆ తర్వాత బొగ్గు బస్సుకు బాగా తెలిసింది.

రైలు

బుధవారం పొద్దున గద్వాల స్టేషన్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని రైలెక్కాం. మా వైపు కన్నడ గాలి ఉంది కాబట్టి ఉగ్గాని దొరుకుతుంది, ఏరు దాటితే దాని పేరు కూడా తెలియదు. అందుకని నేను రెండు పొట్లాలు అదనంగా కట్టించుకున్నాను. తిమ్మన్న కొత్త ధోవతి కట్టి, ఎర్ర అంచు తలపాగా చుట్టి వచ్చాడు. కొడుకు పెళ్ళికా వీడి పెళ్ళికా అన్నట్టున్నాడు.

మూడో తరగతి పెట్టెలో మాకు ఎదురుగా రాజోలి నుంచి వస్తున్న ఒక ముసలి రైతు కూర్చున్నాడు. ఒళ్ళో మిరపకాయల మూట పెట్టుకున్నాడు, దాని ఘాటుకు పెట్టెలో అందరూ తుమ్ముతుంటే ఆయన మాత్రం హాయిగా చుట్ట వెలిగించాడు. ఎక్కడికి అని అడిగాడు. తిమ్మన్నకు అదే కావాలి.

"నాగర్‌కర్నూలుకు. విమానంల అయితే ఇరవై నిమిషాలు" అన్నాడు.

"నువ్వు ఎక్కినవా?" అన్నాడు ముసలాయన.

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నవు?"

తిమ్మన్న కిటికీ వైపు తిరిగాడు. అప్పుడే రైలు కృష్ణ వంతెన మీదికి వచ్చింది. పెట్టెలో ఉన్నవాళ్ళందరూ మాటలు ఆపి నీళ్ళకు దండం పెట్టారు. ఒకామె చిల్లి కాణీ విసిరింది. నేను కూడా చేతులెత్తి, బసన్న సంబంధం కుదరాలని మనసులో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, దానితోపాటు రాత్రికి మంచి భోజనం దొరకాలని కూడా అనుకున్నాను. ఆ రోజుకు రెండోది నెరవేరింది.

వనపర్తి

వనపర్తి రోడ్ అని స్టేషన్ పేరు. పేరులో వనపర్తి ఉంది, అక్కడ ఉన్నది రోడ్డే. దిగినవాడు ఊరు చేరాలంటే జట్కాలో గంటల తరబడి ఎగిరెగిరి పడాలి. మా జట్కావాడు గుర్రాన్ని కొట్టే రకం కాదు, బతిమాలే రకం. "చల్ బేటా, జర చల్" అంటాడు. అది ఆలోచించి రెండడుగులు వేస్తుంది. ఎట్టకేలకు వనపర్తి కనబడేసరికి పొద్దు నడినెత్తి దాటి చాలాసేపయింది.

ఊరు చక్కగా ఉంది. వీధులు ఊడ్చి ఉన్నాయి. రాజుగారి బంగళా గోడ వెంబడి పోతుంటే జట్కా గుర్రం కూడా మర్యాదగా నడిచింది. బజారులో చాయ్ అర్ధణా, గద్వాలలో కూడా అంతే, కాని ఇక్కడ కప్పు పెద్దది. ఆ మాట అంటే చాయ్ దుకాణంలో కూర్చున్నవాళ్ళు "మీ గద్వాలోళ్ళు సగం కన్నడోళ్ళు, పాలు కూడ కొలిచి పోస్తరు" అని నవ్వారు. తిమ్మన్న కోపంలో "ఊట అయినంక మాట్లాడుదాం" అన్నాడు. ఊట అంటే భోజనం, అదీ కన్నడ మాటే. వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు.

ఆ రాత్రికి మకాం ఇమాం సాబ్ ఇంట్లో. పరదా వెనక నుంచి ఆయన భార్య కిచిడీ, ఖట్టా, పప్పడాలు పంపింది. చింతపండు పులుసులో నువ్వులు నూరి పోసి చేసే ఆ ఖట్టా ముందు మా ఇంటి పచ్చిపులుసు తలవంచుకోవాలి. ఈ మాట మా ఇంట్లో చదవరని నమ్మకంతో రాస్తున్నాను. మా ఇళ్ళలో తింటున్నప్పుడు మాట్లాడితే పెద్దవాళ్ళు కసురుతారు. ఇక్కడ తింటూ మాట్లాడకపోతే వంట బాగాలేదేమో అనుకుంటారు. నేను చాలా మాట్లాడాను.

తిమ్మన్న మాత్రం ఒకటే అడిగాడు. "ఇమాం సాబ్, నా మాట ఎట్ల చెప్పినవు?"

"నువ్వు చెప్పింది చెప్పినట్టే చెప్పిన. ఒక్క మాట కలపలే, ఒక్క మాట తియ్యలే. విమానంల ఇరవై నిమిషాలు, బేస్తారం వస్తున్నరు, గంతే."

"బాలమ్మ ఏమన్నది?"

"మూడు సార్లు చెప్పించుకున్నది. తర్వాత మస్తు ఖుషీ అయింది. మేళం మాట్లాడనీకి మనిషిని తోలింది."

"పిల్లను చూడనీకి వస్తుంటెనే మేళమా?" అని తిమ్మన్న ఛాతీ పొంగింది. "చూసినవా పంతులూ, ఎంత మర్యాద గల మనుషులో."

మా వైపు చూపులకు పోతే బెల్లం ముక్క, చెంబెడు నీళ్ళు ఇస్తారు. ఒక్కొక్క సీమ మర్యాద ఒక్కో తీరు అనుకుని, ఇంకొక పప్పడం విరుచుకున్నాను. అప్పుడే కొంచెం ఆలోచించి ఉంటే బాగుండేది.

బొగ్గు బస్సు

యుద్ధం వల్ల పెట్రోలు కరువు. అందుకని బస్సు వెనక ఇనుప పీపాలాంటి పొయ్యి ఒకటి కట్టి, అందులో బొగ్గు మండించి, ఆ పొగతో బస్సు నడుపుతున్నారు. నడుపుతున్నారనడం డ్రైవరు మస్తాన్ మీద గౌరవంతో అంటున్న మాట. గురువారం పొద్దున ఎక్కిన మేము, ఎత్తు వచ్చిన ప్రతిచోటా దిగి తోశాం. తోయడానికి కూడా టికెట్టు కొనాలా అని అడిగితే, మస్తాన్ నిమ్మళంగా, "దిగి తోయనీకి పైసలు లేవు, ఎక్కనీకే పైసలు" అన్నాడు. నా పక్కన కూర్చున్న ఒకామె కోడిపుంజును ఒళ్ళో పెట్టుకుని ఉంది. మేము దిగినప్పుడల్లా అది నా సీట్లోకి మారేది. తిరిగి లేపడానికి ప్రతిసారీ బతిమాలాల్సి వచ్చింది.

బిజినేపల్లికి ఇంకా చాలా దూరం ఉందనగా బస్సు పూర్తిగా ఆగిపోయింది. పొయ్యి చల్లారిందని బూడిద తోడి, మళ్ళీ బొగ్గు పోసి విసురుతున్నారు. మేమంతా ఒక వేపచెట్టు కింద చేరాం. నా రెండో ఉగ్గాని పొట్లం విప్పాను, పులిసిపోయింది. కోడిపుంజు తిన్నది, అది కూడా సగమే.

అప్పుడు ఆకాశంలో చప్పుడు వినబడింది. పడమటి నుంచి విమానం ఒకటి వచ్చి, మా నెత్తి మీదుగా తూర్పుకు పోయింది. బస్సులో వాళ్ళందరూ నోళ్ళు తెరిచి చూశారు. తిమ్మన్న అయితే అది తన సొంత ఎద్దు పందెం గెలిచినట్టు చూశాడు.

"అగో, నాగర్‌కర్నూలుకే పోతున్నది. నేను చెప్పలేదా పంతులూ? మనం ఈ బొగ్గుల బండి ఎక్కితిమి గాని, గిట్ల పోతే ఇప్పటికి బాలమ్మ ఇంట్ల కూసుందుము."

"నిన్ను ఎవరు ఎక్కించుకుంటారురా?" అన్నాను.

"రొట్టె పెట్టిన గదా" అన్నాడు. వాడి ధోవతికి అప్పటికే మోకాళ్ళ దాకా మసి పట్టింది.

బిజినేపల్లిలో విన్న ముచ్చట

బిజినేపల్లి చేరేసరికి సాయంత్రమైంది. మస్తాన్ ఇక ఇవాళ బండి కదలదన్నాడు. చాయ్ దుకాణం బల్ల మీద కూలబడ్డాం. కాస్సేపటికి నాగర్‌కర్నూలు నుంచి సైకిలు మీద ఒక బట్టల వ్యాపారి వచ్చి దిగాడు. కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"మా ఊర్ల ఇయ్యాల తమాషా జరిగింది. గద్వాల పెండ్లోళ్ళు పిల్లను చూడనీకి విమానంల వస్తమని కబురు పంపిండ్రంట. ఊరు ఊరంత మైదానం కాడికి పోయింది. మేళం పెట్టిండ్రు, హారతి పట్టుకున్నరు, పిల్లకు పట్టుచీర కట్టి మైదానం నడిమిట్ల నిలబెట్టిండ్రు. విమానం వచ్చింది. రెండు సుట్లు తిరిగింది. కిందికి వంగి పిల్లను మంచిగ చూసిండ్రు. చూసి, దిగకుంటనే పోయిండ్రు."

"పోయిండ్రా?" అన్నాడు దుకాణదారు.

"పోయిండ్రు. నచ్చకుంటె దిగి చెప్పొచ్చు గదా? పైనించి పైనించే వద్దన్నరు."

దుకాణంలో ఉన్నవాళ్ళంతా పడి పడి నవ్వారు. అందరికన్నా ముందు నవ్వింది మా తిమ్మన్నే. తొడ కొట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఉండగా వాడి ముఖం మారడం చూశాను. వాడు నా వైపు చూశాడు, నేను వాడి వైపు చూశాను. "ఏ ఊరి పెండ్లోళ్ళన్నవు?" అని తిమ్మన్న మళ్ళీ అడిగాడు, చాలా మెల్లగా.

ఆ తర్వాత వాడు అన్నం ముట్టలేదు. దుకాణదారు సజ్జరొట్టె, ఉల్లికారం పెట్టాడు. నేను తిన్నాను, కాని రుచి తెలియలేదు. నవ్వులాట మాకు గాని, ఒక ఆడపిల్లను ఊరందరి ముందు నిలబెట్టి వద్దని పోయారన్న మాట ఆ పిల్లను ఎంత కాలం వెంటాడుతుందో మా ఇద్దరికీ తెలుసు. ఇక ఏ సంబంధం వచ్చినా, "గా విమానమోళ్ళు వద్దన్న పిల్లనా?" అనే అడుగుతారు.

"వెనుకకు పోదాం పంతులూ. నా మొఖం ఎట్ల చూపియ్యాలె?" అన్నాడు తిమ్మన్న.

"నీ ముఖం సంగతి తర్వాత. ఆ పిల్ల ముఖం ఎక్కడ పెట్టుకోవాలె?" అన్నాను. నాకు నిజంగా కోపం వచ్చింది. వాడు తలపాగా తల కింద పెట్టుకుని ఆ బల్ల మీదే పడుకున్నాడు.

మైదానంలో ముగ్గు

శుక్రవారం పొద్దున్నే అటుగా వేరుశనగ వేసుకుపోతున్న ఎడ్లబండి ఎక్కాం. దారి పొడుగునా బండివాడు మాకు ఆ విమానం కథే చెప్పాడు. అతని కథలో విమానం నాలుగు చుట్లు తిరిగింది.

నాగర్‌కర్నూలు మైదానం ఊరికి ఇవతలే, దారి పక్కనే ఉంది. చూసి బండి ఆపించాను. అంత పెద్ద ముగ్గు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. సున్నంతో, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు, తీగలు, పద్మాలు, మధ్యలో ఒక రథం. పై నుంచి వచ్చేవాళ్ళకు కనబడాలని వీధి ఆడవాళ్ళందరూ కలిసి వేశారట. జనం తొక్కి సగం చెరిగిపోయింది. మిగిలిన సగాన్ని చౌకీదారు ఒకడు పొరకతో ఊడుస్తూ తనలో తాను తిట్టుకుంటున్నాడు.

"నిన్న విమానం ఎందుకు దిగలేదు?" అని అడిగాను.

"ఎక్కడ దిగుతది సాబ్? దిగే జాగల రథం గీసిండ్రు, రథం మీద ఊరంత నిలబడ్డది, డప్పులు కొడుతుండ్రు. నేను నెత్తి నోరు కొట్టుకుని జరగమన్న, ఎవరు ఇన్నరు? పాపం మైదానం తనిఖీకి వచ్చినాయన రెండు సుట్లు తిరిగి సూసి, పరేషాన్ అయి పోయిండు."

తిమ్మన్న బండి దిగి ఆ ముగ్గు అంచున నిలబడ్డాడు. ఎంతసేపటికీ కదలలేదు. తన మాట కోసం ఆడవాళ్ళు ఇంత కష్టపడ్డారని చూసి వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చౌకీదారును కూడా వెంటబెట్టుకుని ఊళ్ళోకి నడిచాం.

బాలమ్మ గడప

బాలమ్మ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. మేమెవరమో తెలిసి కూడా చేట ఆపలేదు. కాళ్ళకు నీళ్ళు లేవు, కూర్చోమనలేదు. ఇరుగు పొరుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడ వెంబడి నిలబడ్డారు.

"పైనించి చూసి పోయినోళ్ళు కిందికెందుకొచ్చిండ్రు?" అంది బాలమ్మ.

తిమ్మన్న తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. "చెల్లె, ఆ విమానం మాది గాదు. మేము అండ్ల లేము. విమానంల అయితే ఇరవై నిమిషాలు అన్న గాని, విమానంల వస్తమని అనలే. దూరమని మీరు వద్దంటరేమోనని గట్ల చెప్పిన. మేము బొగ్గు బస్సుల వచ్చినం. నా ధోవతి చూడు."

ధోవతి చూసి ఎవరైనా నమ్మవలసిందే. చౌకీదారు కూడా సాక్ష్యం చెప్పాడు. కాని గోడ దగ్గర ఒకామె వదలలేదు. "ఏమో తల్లీ, ఇప్పుడు ఏమైన చెప్తరు. ఊరంత చూసింది. పైనించి పిల్ల పొట్టిగ కనపడ్డదేమో."

ఎవరో కిసుక్కున నవ్వారు. బాలమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

అప్పుడు లోపలి నుంచి ఒక పిల్ల గడప మీదికి వచ్చి నిలబడింది. జయమ్మ. ఏడ్చిన కళ్ళే, కాని గోడ దగ్గరి ఆమెను సూటిగా చూసింది.

"అత్తా, వాళ్ళు నన్ను చూసిండ్రో లేదో నాకు తెల్వదు. నేనైతే వాళ్ళను మంచిగ చూసిన. మస్తు సప్పుడు, మస్తు దుమ్ము. నాకే నచ్చలే. చెయ్యి ఊపి పొమ్మన్న, పోయిండ్రు."

గోడ దగ్గర పిల్లను పొట్టి అన్న ఆమే ముందు నవ్వింది, దాంతో అందరూ నవ్వారు. ఈసారి నవ్వు వేరుగా ఉంది. బాలమ్మ కొడుకు వచ్చి మా ఇద్దరికీ మంచం వాల్చాడు.

మధ్యాహ్నం నేను బజారుకు పోయాను. చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద ఒకాయన ఇంకొకాయనకు చెబుతున్నాడు: "బాలమ్మ బిడ్డ ఉన్నది చూడు, విమానమోళ్ళు దిగుతమని రెండు సార్లు బతిమాలిండ్రంట. పిల్లే వద్దని చెయ్యూపిందంట." నేను ఇంకొక చాయ్ చెప్పాను. ఆ ఊరి చాయ్ కొంచెం నీళ్ళగా ఉంటుంది గాని, అంత కమ్మటి చాయ్ నేను ఆ ప్రయాణంలో తాగలేదు.

ఎంత దూరం

మాట పోయిన చోట మాట దొరికింది. కాని సంబంధం సంగతి అలాగే ఉంది. సాయంత్రం బాలమ్మ మా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఈసారి చేతిలో చేట లేదు.

"అన్నా, మా అక్కను రాజోలి దిక్కు ఇచ్చిండ్రు. కానుపు కష్టమైందని కబురు వచ్చింది. నేను, మా అమ్మ పడుతూ లేస్తూ పోయినం. మేము పోయెసరికి అంత అయిపోయింది. మా అక్క మొఖం కూడ చూడలే. అందుకే దూరం అంటే నాకు భయం. ఎవరో పెట్టిన పట్టింపని కాదు." తిమ్మన్న ముఖంలోకి సూటిగా చూసింది. "ఇప్పుడు నిజం చెప్పు. నా బిడ్డకు బాగలేదని నాకు కబురు వస్తే, నేను ఈ గడపల నుంచి లేస్తే, మీ గడపకు ఎప్పుడు చేరుత?"

తిమ్మన్న నా వైపు చూశాడు. పెద్దమనిషిని తోడు తెచ్చుకున్నది ఇలాంటప్పటికే. కాని ఇది నేను చెప్పవలసిన జవాబు కాదు. నేను నేల చూశాను. రెండు దినాలంటే ఈ సంబంధం కూడా పోతుంది. ఒకటిన్నర అని సర్ది చెప్పవచ్చు, రైలు ఉందని చెప్పవచ్చు, కానుపుకు నెల ముందే తోలుకొస్తామనీ చెప్పవచ్చు. అవన్నీ వాడి ముఖంలో ఒకదాని వెంట ఒకటి కనబడ్డాయి.

"రెండు దినాలు చెల్లె" అన్నాడు తిమ్మన్న. "బస్సు చెడిపోతే మూడు. మేము బుధారం లేచి, ఇయ్యాల పొద్దుగాల చేరినం. రైలు తప్పితే ఇంకొక పూట. విమానం సంగతి మర్చిపో. అది నీకు రాదు, నాకు రాదు."

లోపలి గదిలో గాజుల చప్పుడు వినబడింది, ఆగిపోయింది. తిమ్మన్న తలపాగా చుట్టుకుని లేవబోయాడు.

"ఎక్కడ లేస్తున్నవు? కూసో" అంది బాలమ్మ. "మీ ఊరు ఇరవై నిమిషాలంటె సంబరపడ్డ. మేళం పెట్టిన. నిన్న ఆ విమానం చూసినంక రాత్రంత నిద్ర రాలే. బిడ్డకు ఆపదొస్తే దాన్ని నాకు ఎవడు తెచ్చి ఎక్కిస్తడు? నేను మైదానంల నిలబడి మొగులు దిక్కు చూడాల్నా? ఇరవై నిమిషాల దూరం నాతోని కాదు అన్నా." చెంగుతో ముఖం తుడుచుకుంది. "నిజం చెప్పినవు, రెండు దినాలైతే నాకు కాళ్ళున్నయి. నడిచొస్త."